నోటి క్యాన్సర్ అని తేలితే తేదీలు తప్పకుండా వైద్యం పూర్తి చేయించడం ఎలా

నోట్లో పుండు మూడు వారాలు దాటినా మానకపోతే ఆ రోజే ఒక క్యాలెండర్ మీద గుర్తు పెట్టండి. గోడకు వేలాడే తిథుల క్యాలెండరైనా చాలు. ఏ ఆపరేషన్, ఏ మందు అన్నది డాక్టర్లు చూసుకుంటారు. ఇంట్లోవాళ్ల చేతిలో ఉన్నది తేదీలు. పరీక్షకు పుండు నుంచి ముక్క (బయాప్సీ) ఎప్పుడు తీశారు, ఆపరేషన్ ఎప్పుడు జరిగింది, ఎన్నో రోజుకు రేడియేషన్ మొదలైంది, మధ్యలో ఎన్ని రోజులు మానేశారు. ఈ నాలుగింటి మీద మనిషి బతకడం చాలావరకు ఆధారపడుతుంది. ఆపరేషన్ బాగా జరిగాక కూడా ఇంటికెళ్లి రెండు నెలలు ఆగిపోయి, మెడలో మళ్లీ గడ్డ కనిపించాక పరుగెత్తుకొచ్చే కుటుంబాలు ఎన్నో. అలా జరగకూడదనే ఇదంతా.

మన దేశంలో మగవాళ్లకు ఎక్కువగా వస్తున్న క్యాన్సర్ నోటిదే. గుట్కా, ఖైనీ, జర్దా కిళ్లీ, వక్కపొడి, చుట్ట, బీడీ, వీటికి మద్యం తోడైతే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. శ్రీకాకుళం, విశాఖ వైపు పల్లెల్లో చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్లలో అంగిలి క్యాన్సర్ కనిపించడం 1960ల నుంచీ వైద్య పత్రికల్లో నమోదవుతూనే ఉంది. కాబట్టి ఇది మగవాళ్ల జబ్బు అనుకుని ఇంట్లో పెద్దావిడ నోట్లోని మచ్చను వదిలేయకండి.

మొదటి పని: నోరు సరిగ్గా చూడటం

వెలుతురున్న చోట కూర్చోబెట్టి, ఫోన్ టార్చి వేసి, చేతులు కడుక్కుని చూడండి. కట్టుడు పళ్లుంటే తీయించండి. ఖైనీ ఎటువైపు దట్టిస్తారో ముందు అడిగి అటు మొదలుపెట్టండి. పెదవి వెనక, బుగ్గకూ చిగురుకూ మధ్య సందు, చివరి దంతం వెనక మూల చూడండి. తర్వాత నాలుకను శుభ్రమైన గుడ్డతో పట్టుకుని ఒక పక్కకు లాగి అంచులు, వెనకదాకా చూడండి. నాలుక పైకెత్తించి కింద భాగం, చివరగా అంగిలి.

కళ్లతో చూడటం ఒక్కటే చాలదు, వేలితో తడమాలి. మామూలు నోటిపూత మెత్తగా ఉంటుంది, ముట్టుకుంటే మండుతుంది, పది పదిహేను రోజుల్లో పోతుంది. క్యాన్సర్ పుండు మొదట్లో నొప్పి పెట్టకపోవచ్చు, కానీ అంచులు, అడుగు భాగం ఎండిన తోలులా గట్టిగా తగులుతాయి. తెల్ల మచ్చ కన్నా ఎర్ర మచ్చ ఎక్కువ ప్రమాదం. నోరు తెరిచి రోగి తన మూడు వేళ్లు నిలువుగా నోట్లో పెట్టుకోలేకపోతే, కారం అసలు తట్టుకోలేకపోతే వక్క వల్ల నోటి లోపలి పొర బిగుసుకుంటోందని అర్థం. అది కూడా డాక్టర్ చూడాల్సిందే. ఒకవైపే చెవిపోటు, మెడలో కదలని గడ్డ, మూడు వారాలు దాటిన గొంతు బొంగురు ఉంటే నోరు బాగానే కనిపించినా ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఇక్కడ రెండు తప్పులు పదేపదే జరుగుతాయి. ఒకటి, బి-కాంప్లెక్స్ మాత్రలు, పూత మందు మార్చి మార్చి వాడుతూ మూడు నెలలు గడిపేయడం. రెండోది, కదులుతున్న పన్ను పీకించేయడం. చిగురులో గడ్డ పెరిగి ఎముకను తింటే పన్ను దానంతటదే వదులవుతుంది. పీకిన గుంట మానదు, ఇన్‌ఫెక్షన్ అనుకుని ఇంకో నెల పోతుంది. ఒక్క పన్నే కారణం లేకుండా కదిలితే, పీకే ముందు ఎక్స్‌రే తీసి చుట్టూ చిగురు చూడమని అడగండి.

ముక్క పరీక్షకు భయపడొద్దు

కత్తి తగిలితే పాకుతుందన్న మాట మన ఊళ్లలో బలంగా ఉంది. నోటి పుండు అంచు నుంచి బియ్యపు గింజంతో, కందిగింజంతో ముక్క తీసినందువల్ల క్యాన్సర్ పాకదు. మత్తు సూది వేసి పది నిమిషాల్లో పని ముగిస్తారు. రిపోర్టు సాధారణంగా వారంలోపు వస్తుంది. ఆలస్యం చేస్తేనే పాకుతుంది.

చేయకూడనివి మాత్రం ఉన్నాయి. చిన్నగా ఉంది కదా అని ఊళ్లోనే మొత్తం గడ్డ కోయించేయకండి. తర్వాత పెద్ద సర్జన్‌కు అసలు గడ్డ ఎక్కడిదాకా ఉండేదో, ఎంత లోతుకు పోయిందో తెలియదు. మెడ గడ్డను కోసి తీయించడం కూడా మొదటి పని కాదు, దానికి సూదితో కణాలు లాగి చేసే పరీక్ష చాలు.

రిపోర్టులో స్క్వామస్ సెల్ కార్సినోమా (నోటి లోపలి పొరలో పుట్టే క్యాన్సర్) అని ఉంటే ఆ కాగితంతో పాటు ల్యాబ్‌లో ఉన్న మైనం బ్లాకు, గాజు స్లైడ్లు తీసుకుని పెట్టుకోండి. పెద్ద ఆస్పత్రికి వెళితే వాటిని మళ్లీ చూస్తారు. అవి లేకపోతే ముక్క మళ్లీ తీయాల్సి వస్తుంది, పది రోజులు పోతాయి.

స్టేజీ తెలుసుకోవడం, లెక్కలను సరిగ్గా చదవడం

బుగ్గ, చిగురు, దవడ అయితే ఎక్కువగా మందు ఎక్కించి తీసే సీటీ, నాలుక అయితే ఎంఆర్ఐ. సీటీ మందుకు ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూస్తారు, షుగర్ ఉన్నవాళ్లు వాడే మాత్రల పేర్లు చెప్పండి. ఊపిరితిత్తులకు పాకిందేమో ఛాతీ స్కాన్‌లో చూస్తారు. పెట్ స్కాన్ అందరికీ అక్కర్లేదు. దానికి డబ్బు కూడేదాకా ఆపరేషన్ ఆపకండి, అసలు కావాలా అని డాక్టర్‌నే అడగండి.

2018 నుంచి అమల్లో ఉన్న స్టేజీ పద్ధతిలో గడ్డ వెడల్పుతో పాటు లోతు కూడా లెక్కిస్తారు. 2 సెంటీమీటర్ల లోపు వెడల్పు, 5 మిల్లీమీటర్ల లోపు లోతు ఉంటే టీ1 (టీ అంటే గడ్డ ఎంత పెరిగిందో చెప్పే అంకె). పైకి చిన్నగా కనిపించినా లోతు 5 మిల్లీమీటర్లు దాటితే టీ1 కాదు, 2 నుంచి 4 సెంటీమీటర్ల గడ్డకు లోతు 10 మిల్లీమీటర్లు దాటితే టీ3. నాలుక మీద శనగగింజంత పుండేగా అని తేలిగ్గా తీసుకోకూడదని చెప్పేది ఇందుకే.

ఇక అందరూ అడిగే ప్రశ్న, బతుకుతారా అని. ఇంటర్నెట్‌లో దొరికేవి ఎక్కువగా అమెరికా లెక్కలు. అక్కడ నోరు, గొంతు క్యాన్సర్లు కలిపి చూస్తే అయిదేళ్లు దాటేవాళ్లు 1970ల మధ్యలో నూటికి 53 మంది, ఇప్పుడు 69 మంది దాకా. పుట్టిన చోటే ఉండగా దొరికితే దాదాపు 87, మెడ గడ్డలకు పాకితే 69 దాకా, దూరపు అవయవాలకు చేరితే 40 లోపు. ఆ పెరుగుదల అంతా మందుల గొప్ప అనుకోకండి. అక్కడ పొగ తాగేవాళ్లు తగ్గారు, హెచ్‌పీవీ వైరస్ వల్ల టాన్సిల్, నాలుక మొదట్లో వచ్చే క్యాన్సర్ పెరిగింది. ఆ రకం వైద్యానికి బాగా లొంగుతుంది. అదే అమెరికాలో స్వరపేటిక క్యాన్సర్ లెక్క ఈ కాలంలోనే 66 నుంచి 61కి దిగింది. గుట్కా వల్ల బుగ్గకు వచ్చిన క్యాన్సర్‌కు అక్కడి టాన్సిల్ క్యాన్సర్ లెక్క వర్తించదు. మన దగ్గర సగానికి పైగా మూడు, నాలుగు స్టేజీల్లో వస్తారు, అందుకే మన లెక్కలు అంతకన్నా తక్కువ. అలాగని నాలుగో స్టేజీ అంటే అంతా అయిపోయినట్టు కాదు. నోటి క్యాన్సర్‌లో గడ్డ దవడ ఎముకలోకి దిగినా నాలుగో స్టేజీయే, అలాంటి వాళ్లలో చాలామందికి ఆపరేషన్ చేసి నయం చేయడానికే చూస్తారు. స్టేజీ అంకె విని ఇంటికి తీసుకెళ్లిపోవడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. వెళ్లే ముందు ఒక్క మాట అడగండి: ఇది పూర్తిగా నయం చేయడానికి చేసే వైద్యమా, బాధ తగ్గించడానికి చేసే వైద్యమా?

ఏ వైద్యం ముందు అన్నది చోటును బట్టి

నోటి లోపలి క్యాన్సర్‌కు వీలైనంతవరకు ఆపరేషన్ ముందు. దవడ ఎముక ఆనుకునే ఉంటుంది, మొత్తం రేడియేషన్‌తోనే తగ్గించాలంటే ఆ ఎముక దెబ్బతింటుంది, పైగా కోసి తీసినంత బాగా జబ్బు అదుపులోకి రాదు. స్వరపేటిక, గొంతు వెనక భాగం అయితే వేరు. అక్కడ మాట, మింగడం కాపాడాలి కాబట్టి చాలామందికి ఏడు వారాల్లో 35 సార్లుగా 70 గ్రే (గ్రే అంటే రేడియేషన్ కొలత) రేడియేషన్, దానితో పాటు సిస్ప్లాటిన్ అనే కీమో మందు ఇస్తారు. స్వరపేటికను తీయకుండా వైద్యం చేయొచ్చని 1991లో అమెరికాలో జరిగిన పరిశోధనతో తేలింది. అయితే గడ్డ అప్పటికే మృదులాస్థిని చీల్చుకుని బయటికొస్తే తీసేయడమే మేలు.

మెడలో గడ్డ ఏమీ లేకపోయినా మెడ కూడా కోస్తారట, ఎందుకు అని చాలామంది వెనకాడతారు. దీనికి జవాబు మన దేశం నుంచే వచ్చింది. ముంబై టాటా మెమోరియల్ ఆస్పత్రి 2015లో ప్రచురించిన పరిశోధనలో తొలిదశ నోటి క్యాన్సర్ వాళ్లలో మొదటి ఆపరేషన్‌లోనే మెడ గ్రంథులు తీసిన గుంపులో మూడేళ్లకు నూటికి 80 మంది బతికి ఉన్నారు. గడ్డ కనిపించాక చూద్దాం అని ఆగిన గుంపులో 67.5. కంటికి కనిపించని కణాలు అప్పటికే మెడలో ఉండటమే ఈ తేడాకు కారణం. సర్జన్ మెడ కూడా శుభ్రం చేయాలంటే ఒప్పుకోండి.

ముందు కీమో ఇచ్చి కరిగించి తర్వాత కోద్దాం అంటే ఆగి అడగాలి. తేలిగ్గా కోయగల గడ్డకు ముందు కీమో ఇచ్చినందువల్ల ఆయుష్షు పెరిగినట్టు పరిశోధనల్లో తేలలేదు. కోయడానికి కష్టమైన గడ్డను చిన్నది చేయడానికైతే దానికి అర్థం ఉంది. ఆపరేషన్‌కు ముందూ వెనకా పెంబ్రోలిజుమాబ్ (ఒంట్లోని రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందు) ఇచ్చే పద్ధతికి 2025లో అమెరికాలో అనుమతి వచ్చింది. దాని ఖరీదు మన కుటుంబాల్లో చాలామందికి అందదు. అది లేదని అసలు వైద్యం ఆపుకోవద్దు.

అమెరికా, బ్రిటన్లలో ఉన్న తెలుగువాళ్లకు టాన్సిల్ దగ్గర క్యాన్సర్ తేలితే హెచ్‌పీవీ వల్ల వచ్చిందేమో చెప్పే పీ16 పరీక్ష తప్పక చేస్తారు. అది పాజిటివ్ అయితే భవిష్యత్తు బాగుంటుంది. అలాగని సిస్ప్లాటిన్ బదులు తేలికపాటి మందుగా సెటుక్సిమాబ్ ఇచ్చి చూసిన రెండు పెద్ద పరిశోధనల్లో ఫలితం తగ్గింది. బాగా లొంగే జబ్బే కదా అని వైద్యం తగ్గించమని అడగకండి.

ఎక్కడికి వెళ్లాలి? సర్జన్, రేడియేషన్ డాక్టర్, కీమో డాక్టర్ ముగ్గురూ కలిసి కూర్చుని నిర్ణయించే చోటికి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి, విశాఖ అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా ఆస్పత్రి అలాంటివే. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ వస్తాయి. ఒక్కోదానికీ విడివిడిగా ముందస్తు అనుమతి కావాలి. ఆపరేషన్ అనుమతి వచ్చింది కదా అని ఊరుకోకుండా, రేడియేషన్ అనుమతికి ఏ కాగితాలు కావాలో డిశ్చార్జ్ కాకముందే ఆరోగ్యమిత్రను అడిగి పెట్టుకోండి. ఈ ఒక్క కాగితం పని వల్ల పోయే రోజులు తక్కువేమీ కాదు.

రిపోర్టు వచ్చిన రోజు నుంచి ఆపరేషన్‌కు నాలుగు వారాలు దాటకుండా చూడండి. ఒకచోట తేదీ దూరంగా ఉంటే ఇంకోచోట కూడా అడగండి. ఆషాఢం, మూఢం లెక్కలు ఈ పనికి వద్దు.

ఆపరేషన్‌కు ముందు చేయాల్సినవి

పొగాకు, మద్యం ఆ రోజే ఆపాలి. పొగతాగే వాళ్లకు కుట్లు త్వరగా మానవు, అతికించిన కండ చనిపోయే ప్రమాదం ఎక్కువ, రేడియేషన్ కూడా సరిగ్గా పనిచేయదు. ఆపలేకపోతుంటే 1800-11-2356కు ఫోన్ చేయించండి, ప్రభుత్వ ఉచిత నంబరు.

పళ్ల డాక్టర్‌కు చూపించండి. పుచ్చిపోయినవి, నిలవనివి ఆపరేషన్‌లోనే తీసేయమనండి. లేదా రేడియేషన్ మొదలవడానికి కనీసం రెండు వారాల ముందు తీయించాలి. రేడియేషన్ తర్వాత పన్ను పీకితే దవడ ఎముక మానక కుళ్లే ప్రమాదం ఉంది.

తినలేక బరువు తగ్గిపోతుంటే ఆగకుండా ముక్కు గొట్టం వేయించుకోండి. బలహీనంగా ఆపరేషన్‌కు వెళితే గాయం మానదు, గాయం మానకపోతే రేడియేషన్ వెనక్కి పోతుంది.

ఆపరేషన్ రోజుల్లో

గడ్డ చుట్టూ మంచి కండతో సహా తీసి, ఖాళీని ఛాతీ కండతోనో, ముంజేతి చర్మంతోనో, దవడ ఎముక పోతే కాలి పిక్క ఎముకతోనో పూడుస్తారు. ఊపిరికి అడ్డం రాకుండా కొన్నాళ్లు గొంతు ముందు రంధ్రం పెట్టొచ్చు. అప్పుడు మాట రాదు, అది తాత్కాలికమేనని ముందే చెప్పి ఉంచండి. పలక, పెన్ను, పిలవడానికి చిన్న గంట మంచం పక్కన పెట్టండి. చదవడం రాని పెద్దవాళ్లయితే నీళ్లు, నొప్పి, ఒంటికి అనే మూడు బొమ్మలు గీసి ఇవ్వండి.

మెడ గ్రంథులు తీసిన వైపు భుజం పడిపోయినట్టు ఉంటుంది. డ్రెయిన్ గొట్టాలు తీశాక గోడ మీద వేళ్లతో పైకి పాకే వ్యాయామం డాక్టర్‌ను అడిగి మొదలుపెట్టాలి. వదిలేస్తే చెయ్యి తల దువ్వుకోవడానికి కూడా లేవదు.

తీసిన గడ్డ రిపోర్టు రెండు మూడు వారాల్లో వస్తుంది. అందులో ఇవి చూడండి: అంచుల చుట్టూ ఎంత మంచి కండ ఉంది (5 మిల్లీమీటర్లు ఉంటే బాగుంది), గడ్డ లోతు, ఎన్ని గ్రంథులు తీశారు, ఎన్నింటిలో జబ్బు ఉంది, గ్రంథి పొర చీల్చుకుని బయటికి వచ్చిందా. అంచులో జబ్బు మిగిలినా, గ్రంథి పొర దాటినా రేడియేషన్‌తో పాటు సిస్ప్లాటిన్ కూడా కావాలి. 2004లో వచ్చిన రెండు పెద్ద పరిశోధనల నుంచి ఇదే పద్ధతి. గడ్డ పెద్దదైనా, గ్రంథుల్లో జబ్బున్నా, నరాల వెంట పాకినా సాధారణంగా రేడియేషన్ ఒక్కటి చాలు. చిన్న గడ్డ, శుభ్రమైన గ్రంథులు ఉంటే ఏదీ అక్కర్లేదు.

42 రోజులు

క్యాలెండర్ మీద ఆపరేషన్ తేదీకి ఎర్ర సున్నా చుట్టి, 42 రోజులు లెక్కపెట్టి ఇంకో ఎర్ర సున్నా చుట్టండి. ఆ లోపు రేడియేషన్ మొదలవ్వాలి. ఆపరేషన్ రోజు నుంచి చివరి రేడియేషన్ రోజుదాకా మొత్తం 100 రోజుల లోపు, వీలైతే 11 వారాల్లో ముగించాలి. మిగిలిపోయిన కణాలు ఊరుకోవు, పెరుగుతూనే ఉంటాయి.

ఆరు వారాలు చాలా ఉన్నాయనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. రిపోర్టుకు మూడు వారాలు. ముఖానికి మాస్క్ అచ్చు తీసి, స్కాన్ చేసి, ప్లాను వేయడానికి వారం పది రోజులు. మిషన్ ఖాళీకి ఇంకో వారం. అందుకే కుట్లు విప్పించుకోవడానికి వెళ్లిన రోజే, రిపోర్టు రాకముందే, రేడియేషన్ ఓపీలో పేరు రాయించండి. ఆపరేషన్‌తోనే గడ్డ పోయింది, మనిషి బాగున్నాడు, కరెంటు (రేడియేషన్) ఎందుకు అనే బంధువులు ఈ సమయంలోనే వస్తారు. వాళ్లకు ఆ రిపోర్టు చూపించండి.

రేడియేషన్ రోజూ పది పదిహేను నిమిషాలు, వారానికి అయిదు రోజులు, 30 నుంచి 33 సార్లు. పెట్టేటప్పుడు నొప్పి ఉండదు. మూడో వారం నుంచి నోరు పూస్తుంది, మెడ చర్మం నల్లబడుతుంది, రుచి పోతుంది, లాలాజలం చిక్కబడి ఎండుతుంది. నాలుగో వారంలో చాలామంది పండక్కి ఇంటికెళ్లి వస్తామంటారు, వెళ్లినవాళ్లు కొందరు తిరిగి రారు. ఒక్క రోజు ఆలస్యానికి జబ్బు అదుపులో ఉండే అవకాశం సుమారు ఒకటి నుంచి ఒకటిన్నర శాతం తగ్గుతుందని లెక్క. వారం మానేస్తే ఎంత పోతుందో చూసుకోండి. మిషన్ పాడైనా, సంక్రాంతి సెలవులొచ్చినా ఆ రోజులను శనివారం పెట్టి గానీ, ఒకే రోజు ఆరు గంటల తేడాతో రెండుసార్లు పెట్టి గానీ పూడ్చమని అడగండి. ఊరు దూరమైతే ఆరేడు వారాలకు ఆస్పత్రి దగ్గరే బస చూసుకోవాలి. ఉచిత వసతి ఎక్కడుందో ఆస్పత్రి సోషల్ వర్కర్‌కు తెలుస్తుంది.

నోటి పూతకు పుక్కిలింతే ముఖ్యం. ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్లలో పావు చెంచా ఉప్పు, పావు చెంచా వంటసోడా. మెలకువగా ఉన్నంతసేపూ రెండు గంటలకోసారి పుక్కిలించి ఉమ్మాలి. బజారులో దొరికే ఘాటు మౌత్‌వాష్‌లలో ఆల్కహాల్ ఉంటుంది, వద్దు. నొప్పికి మాత్ర తిండికి అరగంట ముందు వేయండి. నాలుక మీద పెరుగు మీగడలా తెల్లగా పేరుకుంటే అది ఫంగస్ కావచ్చు, ఆ రోజే చూపించండి. మెడ మీద పసుపు, జండూబామ్, పౌడరు ఏవీ రాయకూడదు, బ్లేడుతో గీయకూడదు. కాలర్ లేని మెత్తటి నూలు చొక్కా వేయండి. బరువు తగ్గి మాస్క్ వదులైతే కిరణాలు పక్కకు పడతాయి, టెక్నీషియన్‌కు వెంటనే చెప్పండి.

సిస్ప్లాటిన్ మూడు వారాలకోసారి ఒంటి వైశాల్యంలో చదరపు మీటరుకు 100 మిల్లీగ్రాములైనా, వారం వారం 40 అయినా మొత్తం 200 చేరేలా చూస్తారు. ఎక్కించే రోజు, తర్వాతి రెండు రోజులు నీళ్లు బాగా పోవాలి. మూత్రం తగ్గినా, చెవిలో గుయ్యిమన్నా, వాంతులతో నీళ్లు నిలవకపోయినా తర్వాతి డోసు వరకు ఆగకుండా చెప్పాలి. కిడ్నీ, వినికిడి బాగోలేని వాళ్లకు వారానికోసారి డోసెటాక్సెల్ ఇవ్వొచ్చని టాటా మెమోరియల్ వాళ్లే 2023లో చూపించారు. సిస్ప్లాటిన్ కుదరదనగానే వట్టి రేడియేషన్‌తో సరిపెట్టుకోకుండా ఆ మాట అడగండి.

ముక్కు గొట్టంతో తిండి

దీన్ని అవమానంగా అనుకునేవాళ్లున్నారు. వైద్యం పూర్తి చేయించేది చాలాసార్లు ఈ గొట్టమే. 60 కిలోల మనిషికి రోజుకు సుమారు 1800 కేలరీలు, 75 నుంచి 90 గ్రాముల ప్రొటీన్ కావాలి. వట్టి కొబ్బరినీళ్లు, పండ్ల రసాలు పోస్తూ ఉంటే బరువు తగ్గిపోతారు.

రెండు గంటలకోసారి 200 నుంచి 250 మిల్లీలీటర్ల చొప్పున రోజుకు ఎనిమిది సార్లు. 200 మిల్లీలీటర్ల పాలలో రెండు పెద్ద చెంచాల రాగిపిండి పల్చగా కాచి, చెంచా నూనె, కొంచెం బెల్లం వేస్తే దాదాపు 300 కేలరీలు. షుగర్ ఉంటే బెల్లం వద్దు. ఉడికించిన గుడ్డును పాలతో మిక్సీలో మెత్తగా తిప్పి పల్చటి గుడ్డలో రెండుసార్లు వడగట్టండి. పచ్చి గుడ్డు పోయకండి. పల్చటి పప్పు, మజ్జిగ, పల్లీపొడి కలిపిన పాలు మార్చి మార్చి ఇవ్వండి.

పోసే ముందు ముక్కు దగ్గర గొట్టం మీద పెన్నుతో పెట్టిన గుర్తు అక్కడే ఉందో లేదో చూడండి. గుర్తు బయటికి జారితే చుక్క కూడా పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. తల, ఛాతీ ఎత్తుగా కూర్చోబెట్టి, సిరంజి పిస్టన్ తీసేసి, పోసినది దానంతటదే దిగేలా పదిహేను ఇరవై నిమిషాల్లో పోయాలి. తోస్తే వాంతి. దగ్గు, ఆయాసం వస్తే వెంటనే ఆపండి. ముందూ వెనకా 30 మిల్లీలీటర్ల నీళ్లు. పోశాక ముప్పావుగంట పడుకోబెట్టకూడదు. మూసుకుపోతే గోరువెచ్చని నీళ్లతో సిరంజిని మెల్లగా లాగుతూ వదులుతూ ప్రయత్నించండి, తీగ పెట్టి పొడవకండి. మింగగలిగినంతకాలం రోజూ కొద్దిగానైనా నోటితో నీళ్లు మింగించండి, మానేస్తే గొంతు కండరాలు మింగడం మరిచిపోతాయి.

జబ్బు తిరిగొస్తే

తిరగబెట్టేవాటిలో ఎక్కువ భాగం మొదటి రెండేళ్లలోనే. మళ్లీ కోయడానికి వీలుందా అన్నది ముందు అడగండి, కొందరికి ఉంటుంది. వీలు లేనప్పుడు మన దేశం నుంచే చౌక దారి దొరికింది. మెథోట్రెక్సేట్, సెలెకాక్సిబ్, ఎర్లోటినిబ్ మాత్రలకు నివోలుమాబ్‌ను (ఇదీ పెంబ్రోలిజుమాబ్ లాంటి మందే) 20 మిల్లీగ్రాముల చిన్న డోసులో మూడు వారాలకోసారి కలిపి ఇస్తే, ఏడాది బతికి ఉన్నవాళ్లు నూటికి 16 నుంచి 43కు పెరిగారని టాటా మెమోరియల్ 2023లో ప్రచురించింది. నిండు డోసు ఖర్చులో ఇది చిన్న వంతే. లక్షలు పెట్టలేమని వెనుదిరిగే ముందు ఈ డోసు గురించి అడగండి. నొప్పికి మార్ఫిన్ మాత్రలు వాడటానికి భయపడొద్దు. ఎంఎన్‌జేలో నొప్పి తగ్గించే పాలియేటివ్ విభాగం ప్రత్యేకంగా ఉంది. చివరి రోజుల కోసమే కాదు, నొప్పి మొదలైన రోజు నుంచే అక్కడికి వెళ్లొచ్చు.

వైద్యం ముగిశాక

మొదటి ఏడాది ఒకటి నుంచి మూడు నెలలకోసారి, రెండో ఏడాది రెండు నుంచి ఆరు నెలలకోసారి, అయిదేళ్లదాకా నాలుగు నుంచి ఎనిమిది నెలలకోసారి చూపించాలి. ఇంట్లో నెలకోసారి మొదట్లో చెప్పిన పద్ధతిలోనే నోరు, మెడ తడమండి. నోటికి రెండోసారి కొత్త క్యాన్సర్ కూడా రావచ్చు, ముఖ్యంగా వక్కో పొగాకో మళ్లీ మొదలుపెట్టిన వాళ్లకు.

నోరు బిగుసుకోకుండా ఐస్‌క్రీం పుల్లల పద్ధతి మంచిది. పళ్ల మధ్య పట్టినన్ని పుల్లలు పేర్చి అర నిమిషం ఉంచాలి, రోజుకు నాలుగైదుసార్లు, వారానికో పుల్ల పెంచుకుంటూ పోవాలి. పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య 35 మిల్లీమీటర్లు తెరుచుకోవడం లక్ష్యం. రేడియేషన్ ముగిసిన మొదటి ఆరు నెలలు దీన్ని వదిలేస్తే తర్వాత ఎంత లాగినా రాదు.

మెడకు రేడియేషన్ తీసుకున్నవాళ్లకు ఆరు నెలలకో, ఏడాదికో టీఎస్‌హెచ్ పరీక్ష చేయించాలి. థైరాయిడ్ మెల్లగా తగ్గుతుంది. ఎప్పుడూ నీరసం, చలి, నిద్రమత్తు అంటుంటే క్యాన్సర్ మళ్లీ వచ్చిందేమోనని కుమిలిపోతుంటారు, పొద్దున్నే వేసుకునే ఒక మాత్రతో సర్దుకునేదే అది.

లాలాజలం తక్కువ కాబట్టి పళ్లు త్వరగా పుచ్చుతాయి. రోజూ రాత్రి ఫ్లోరైడ్ పేస్టు, ఆరు నెలలకోసారి పళ్ల డాక్టర్. ఎన్ని గ్రే, ఏ వైపు, ఏ తేదీల్లో అని ఉన్న రేడియేషన్ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి దాచండి, ఫోన్‌లో ఫొటో తీసి ఉంచండి. పదేళ్ల తర్వాత పన్ను నొప్పి అని కొత్త డాక్టర్ కుర్చీలో కూర్చున్నా, ఆయన పన్ను పట్టుకునే ముందు ఆ కాగితం ఆయన చేతిలో పెట్టండి.